యాభై ఎనిమిది కిలోల ఇసుక

కుళాయి దగ్గర ఆ ఉదయం కూడా ఉరిశిక్షవాడి పెళ్లాం బిందెను ఎవరో కాలితో వరసలోంచి నెట్టేశారు. బిందె దొర్లి మురుగులో పడింది. ఆమె వంగి తీసుకుని, కొంగుతో తుడిచి, మళ్లీ వరస చివర నిలబడింది. తాళ్ల షెడ్డులో పనిచేసే ఆడవాళ్లందరూ అది చూశారు. చూసి, ముఖాలు తిప్పుకున్నారు.

కొత్తపిల్ల కూడా తిప్పుకుంది. ఆమెకు పెళ్లయి ముప్పై రెండు రోజులు. ఆ ఉరిశిక్షవాడి పెళ్లాం పక్కన నిలబడకు, కొత్త కాపురం అని పనిలో చేరిన రోజే ఆమెకు చెప్పారు. ఆమె నిలబడలేదు. ఈ కథలో తప్పు చేయనివాళ్లు లేరు, కాబట్టి ఆ మాట ముందే చెప్పుకోవడం మంచిది.

తాడు పేనడమంటే వెనక్కి నడవడం. నడుముకు నార చుట్టుకుని, కొసను చక్రం కొక్కేనికి తగిలించి, వేళ్ల మధ్య నుంచి నార వదులుతూ షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు నూట ఇరవై అడుగులు వెనక్కి నడవాలి. చక్రం తిప్పేవాడు ఆగితే పురి వదులవుతుంది, తొందరపడితే పేట తెగుతుంది. అందుకే ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూనే పనిచేయాలి. కొత్తపిల్లకు చక్రం తిప్పేది ఆమె మొగుడే. షెడ్డంతా బక్కోడని పిలిచే మనిషి. రోజుకు నలభై సార్లు మొగుడికి దూరంగా నడుస్తూ, నడిచినంతసేపూ అతన్నే చూడొచ్చు. దానికి కూలి కూడా ఇస్తున్నారు. ఇంతకంటే మంచి ఉద్యోగం ఎక్కడైనా ఉంటుందా అని ఆమె మురిసిపోయేది.

సోమవారం గుమస్తా ఒక చీటీ తెచ్చాడు. మెత్తటి నూలు తాడు, మూడు పేటలు, ఎక్కడా అతుకు ఉండకూడదు, తారు పూయకూడదు. ఆసుపత్రిలో రోగులను ఎత్తే యంత్రానికట. ఏ తాడునైనా పంపేముందు ఇసుక బస్తా వేలాడదీసి పరీక్షించడం షెడ్డు పద్ధతి. బస్తా ఎంత బరువుండాలో కూడా చీటీలో రాసి ఉంది. యాభై ఎనిమిది కిలోలు.

బస్తా నింపే పని కొత్తపిల్లకు పడింది. తూకం ముల్లు యాభై ఎనిమిది దగ్గర ఆగేదాకా దోసిళ్లతో ఇసుక పోసి, మూతి కట్టేసింది. సరదా పుట్టి మొగుణ్ణి కూడా తూకం ఎక్కమంది. ముల్లు వెళ్లి అక్కడే ఆగింది. ఆమెకు నవ్వు ఆగలేదు. సుద్దముక్కతో బస్తాకు రెండు కళ్లూ, మీసం గీసి, "నీకు తమ్ముడు పుట్టాడయ్యా, నాకు మరిది దొరికాడు" అంది. అందరూ పనులాపి వచ్చి చూశారు. మరిదిగారికి భోజనం పెట్టావా అని ఒకరు, పెళ్లి సంబంధాలు చూడమంటావా అని ఒకరు.

షెడ్డు గుమ్మం బయట వ్యర్థపు నార దువ్వుతున్న ఉరిశిక్షవాడి భార్య తలెత్తింది. రెండేళ్లుగా ఆమెకు చక్రం తిప్పడానికి ఎవరూ ఒప్పుకోక, ఆ ఎండలో కూర్చోబెట్టారు. ఆమె ఎవరితోనూ మాట్లాడదు. ఆరోజు మాట్లాడింది.

"ఎంత బరువన్నావమ్మా?"

"యాభై ఎనిమిది అక్కా" అంది కొత్తపిల్ల, నవ్వు ఇంకా ముఖం మీద ఉండగానే.

దువ్వెన కింద పెట్టి ఆమె లేచి నిలబడింది. ఆదివారం జైలుకు ములాఖత్‌కు వెళ్తే మొగుడు చెప్పాడట. క్షమాభిక్ష అర్జీ తోసేసిన దగ్గరనుంచి రోజూ తూకం ఎక్కిస్తున్నారనీ, గ్రాము తగ్గితే డాక్టరు కంగారుపడుతున్నాడనీ, పెళ్లినాడు కూడా తనను ఇంత గౌరవంగా చూడలేదనీ చెప్పి నవ్వాడట. "యాభై ఎనిమిది. శుక్రవారం దాకా ఇంతే ఉండాలంట" అంది ఆమె. ఆ మాట ఏడుస్తూ చెప్పలేదు. ఎవరో అడిగిన విలాసం చెప్పినట్టు చెప్పింది.

కొత్తపిల్ల బస్తా వైపు చూసింది. బస్తా మీసంతో ఆమెను చూస్తోంది. కొంగుతో ఆ మీసం తుడిచేయబోయింది. సుద్ద ఇంకా అలుముకుంది తప్ప పోలేదు.

ఇక్కడ రెండేళ్ల కిందటి సంగతి చెప్పాలి. పనిగంటల్లో ఎవరూ బయటికి పోకుండా యజమాని షెడ్డుకు బయటినుంచి తాళం వేయించేవాడు. తాళంచెవి మేస్త్రీ మొలకు ఉండేది. ఒక మధ్యాహ్నం నార గుట్టకు నిప్పంటుకుంది. లోపల నలభై మంది. తలుపులు బాదారు. అయ్యగారు చెప్పకుండా తీయలేనన్నాడు మేస్త్రీ. ఇద్దరు ఆడవాళ్లు పొగలో చచ్చిపోయారు. వెనక గోడ పగలగొట్టి అందరినీ బయటికి లాగినవాడు, లాగడం అయ్యాక, చక్రం పిడి పట్టుకుని చుట్టూ తిరిగి వచ్చి మేస్త్రీ తలమీద కొట్టాడు. ఒకే దెబ్బ. మేస్త్రీ చచ్చిపోయాడు. కోర్టు కొట్టినవాడికి ఉరిశిక్ష వేసింది. తాళం వేయించినవాడికి జలుబు కూడా చేయలేదు.

మరి అతను గోడ పగలగొడితే బతికినవాళ్లే అతని భార్య బిందెను ఎందుకు తన్నారు? భయం. యజమాని ఆమెను కరకు చూపు చూస్తే, ఆ చూపు తమ మీద పడకుండా తామే ముందు ఆమెను తన్నారు. దొర చెప్పకుండానే దొర పని చేసిపెట్టడం, అదీ మన రోగం.

మధ్యాహ్నం తిండి డబ్బాలు ఎవరూ విప్పలేదు. చక్రాల మధ్యనే మీటింగ్ మొదలైంది. చంపినవాడు చావాల్సిందే కదా అన్నాడు నార కోసేవాడు. పని మానేస్తే రేపు మన పొయ్యిలో పిల్లి లేవదన్నారు ఇంకొందరు. మనం పేనకపోతే ఇంకో షెడ్డు పేనుతుంది, ఉరి ఆగుతుందా అని ఒక ముసలాయన నిట్టూర్చాడు. బక్కోడు మెల్లగా మాట్లాడే మనిషి. ఆరోజు గొంతు పెంచాడు. గోడ పగిలినప్పుడు మొదట బయటపడ్డది తనేననీ, అతను పట్టి లాగిన చేతుల్తో ఈ తాడుకు చక్రం తిప్పలేననీ అన్నాడు.

అందరూ మాట్లాడారు కానీ అందరి కళ్లూ ఒక మనిషి మీదే ఉన్నాయి. మేస్త్రీ భార్య. మొగుడు పోయాక ఆమె కూడా ఇదే షెడ్డులో చేరింది. పుట్టింట నేర్చిన పని, షెడ్డు మొత్తానికి ఆమెదే అందెవేసిన చెయ్యి. అతుకు లేని నూలు తాడు పేనగలిగేది ఆమె ఒక్కతే.

యజమానికీ ఆ సంగతి తెలుసు. చక్రాల చప్పుడు ఆగిందని వచ్చాడు. ఆసుపత్రి కబుర్లు ఇక అక్కర్లేదనుకున్నాడేమో, నేరుగా మేస్త్రీ భార్య దగ్గరికి వెళ్లాడు.

"ఈ పని నీకోసమే తెచ్చానమ్మా. నీ మొగుణ్ణి మింగినవాడు వాడు. నీ చేత్తోనే పేను. నీ కడుపుమంట చల్లారుతుంది."

ఆమె నడుముకు నూలు చుట్టి ఉంది. ఆమె దాని కొస చేతిలోకి తీసుకుంది.

"ఆరోజు తాళం తీయమంటారా అని మా ఆయన మీ ఇంటికి రెండుసార్లు మనిషిని పంపాడు అయ్యగారూ. పొద్దున్నించీ ఎండు నార వాసన తేడాగా ఉందని. భోంచేస్తున్నారన్నారు. ఇది కోర్టులో నన్నెవరూ అడగలేదు. అడిగినా చెప్పేదాన్ని కాదేమో. అప్పటికే మీరు నాకు ఈ పని చూపించారు."

యజమాని నోరు తెరవబోయాడు.

"ఉండండి. నా కడుపుమంట నాది. మీ వంటకి దాన్ని వాడుకోకండి." ఆమె గుమ్మం వైపు, ఎండలో నిలబడ్డ మనిషి వైపు తిరిగింది. "చూడు, నీ మొగుణ్ణి క్షమించానని నోటితో ఇంకా అనలేనమ్మా. రావట్లేదు. చేత్తో అంటాను."

నడుము నుంచి నూలు ఒక్కో చుట్టూ విప్పి కింద పడేసింది. తర్వాత తన నీళ్ల చెంబు తీసుకెళ్లి ఉరిశిక్షవాడి భార్య చేతిలో పెట్టింది. మేస్త్రీ భార్య తన చెయ్యి వదలకుండా తాగించింది.

కొత్తపిల్ల తన నడుము నార విప్పింది. ఆ తర్వాత ఎవరు ముందో, ఎవరు వెనకో చెప్పడం కష్టం. నార కోసేవాడు చివరివాడు. విప్పడానికి తన నడుముకేమీ లేకపోయేసరికి, కత్తి కింద పెట్టి, గుమ్మం పక్కనున్న ఉరిశిక్షవాడి భార్య బిందె తెచ్చి కుళాయి కింద నిండా పట్టాడు.

చీటీ ఆ సాయంత్రమే రెండో షెడ్డుకు వెళ్లింది. ముసలాయన చెప్పినట్టే. కానీ చీటీ కంటే ముందు కొత్తపిల్లా బక్కోడూ వెళ్లారు, సుద్దముక్కలతో. షెడ్డు తలుపు మీద, తూకం పళ్లెం మీద, ఖాళీ బస్తాల మీద ఒకటే అంకె. యాభై ఎనిమిది. ఇంత బరువున్న బస్తా అడిగితే అది బస్తా కాదు, మనిషి, అని చెప్పారు. అక్కడా చక్రాలు ఆగాయి. మర్నాడు ఏటవతలి షెడ్లలో. ముసలాయన మోకాళ్ల నొప్పితోనే పడవెక్కి వెళ్లాడు, తన మాట తప్పని తనే చెప్పడానికి.

శుక్రవారం తెల్లవారేసరికి జైలు గేటు ముందు మూడు వందల మంది ఉన్నారు. ముందు వరసలో ఇద్దరు ఆడవాళ్లు, చంపినవాడి భార్యా, చచ్చినవాడి భార్యా, ఒకే గుడ్డ కప్పుకుని కూర్చున్నారు. రెండు కాగితాలు పట్టుకొచ్చారు. ఒకటి క్షమాభిక్ష కోసం, మేస్త్రీ భార్య వేలిముద్రతో. ఇంకోటి తాళం వేయించినవాడి మీద ఫిర్యాదు. ఎండెక్కాక ఒక అధికారి బయటికి వచ్చి, సాంకేతిక కారణాల వల్ల నెల రోజులు వాయిదా అన్నాడు. గుంపు నవ్వింది. సాంకేతిక కారణమంతా అతని ఎదురుగానే కూర్చుని ఉంది.

నవ్వు ఆగకముందే లాఠీలు లేచాయి. పదకొండు మందిని పట్టుకుని అదే గేటులోంచి లోపలికి ఈడ్చారు. వాళ్లలో మేస్త్రీ భార్య, బక్కోడు, కొత్తపిల్ల ఉన్నారు. మగవాళ్లను ఎడమకు, ఆడవాళ్లను కుడికి విడదీశారు. బక్కోణ్ణి లాక్కుపోతుంటే కొత్తపిల్ల అతన్నే చూస్తూ వెనక్కి నడిచింది. మలుపు వచ్చేదాకా అతనూ చూశాడు. పురి వదలలేదు.

లోపల గదిలో బల్ల, పుస్తకం, తూకం. కొత్తగా వచ్చిన ప్రతివాళ్లనూ తూచి రాసుకోవడం జైలు పద్ధతి. కొత్తపిల్ల ఎక్కింది. నుదుటి మీంచి నెత్తురు కారి కంట్లోకి దిగుతోంది. వార్డరమ్మ వంగి ముల్లు చూసింది. నలభై ఆరు.

"సరిగ్గా రాసుకో పిన్నీ" అంది కొత్తపిల్ల. "ఈ బరువుకి కూడా ఊళ్లో తాడు దొరకదు."

వార్డరమ్మ కలం కాసేపు కాగితం మీదే ఆగింది. వెనక వరసలోంచి మేస్త్రీ భార్య చెప్పులు విడిచి, తన వంతుకు ముందుకు వచ్చింది.