గీత దాటిన జీతం

ఆసుపత్రిలో అందరూ ఆమెను సూదమ్మ అనేవారు. ఎంత సన్నటి నరమైనా మొదటి పోటుకే దొరికించుకునేది. రక్తపరీక్షల ల్యాబులో పద్దెనిమిదేళ్ల సర్వీసు ఆమెది. భర్త లిఫ్టు మెకానిక్. నగరంలోని ఎత్తైన మేడలన్నీ అతను ఎక్కినవే, కానీ వాటిలో ఒక్క గది అద్దెకు తీసుకునే తాహతు కూడా వాళ్లకు లేదు. ఇద్దరి జీతాలతో ఇంకో ఊళ్లో అయితే దర్జాగా బతకొచ్చని చుట్టాలు అనేవారు. ఇక్కడ రెండు గదుల అద్దెకే సగానికి పైగా పోయేది.

ఇల్లు అమ్మేస్తున్నానని, ఏడాదిలో ఖాళీ చేయాలని యజమాని చెప్పిన నెలలోనే గృహనిర్మాణ సంస్థ మధ్యాదాయ వర్గానికి నలభై ఫ్లాట్లు ప్రకటించింది. కుటుంబ ఆదాయానికి హద్దు పెట్టారు. వీళ్లు ఆ హద్దుకు వెంట్రుకవాసి కింద ఉన్నారు. లాటరీలో పేరు వచ్చింది. తొమ్మిదో తరగతి చదివే కూతురు తన బల్ల ఏ కిటికీ పక్కన వేసుకోవాలో కాగితం మీద గీసుకుంది.

సరిగ్గా అప్పుడే ల్యాబు ఇన్‌చార్జి రిటైరయ్యాడు. ఆ కుర్చీ మీదేనని పెద్ద డాక్టరు ఆమెను పిలిచి చెప్పాడు. ఇంటికొచ్చి భర్తతో అంటే, అతను చేతుల గ్రీజు కడుక్కుంటూ, పెరిగే జీతం ఆ హద్దు దాటిస్తుందని లెక్కేశాడు.

"తాళాలు చేతికొచ్చేదాకా వద్దను," అన్నాడు చివరికి.

"అప్పటిదాకా ఆ కుర్చీ ఖాళీగా ఉంటుందా?"

"కుర్చీ ఇంకోసారైనా వస్తుంది. ఇల్లు రాదు."

ఒంట్లో బాగుండటం లేదని ఆమె ఉత్తరం రాసిచ్చింది. సిరంజి పట్టుకోవడం తాను నేర్పిన పిల్లకే ఆ పదవి దక్కింది. ఆ పిల్ల అక్కా అని పిలవడం మానలేదు గానీ, ఎవరికి ఏ డ్యూటీయో ఇప్పుడు తనే వేసేది.

నాలుగు నెలలకు కాగితాల పరిశీలనకు రమ్మన్నారు. కళ్లద్దాల అధికారిణి భర్త జీతం కాగితం దగ్గర ఆగిపోయింది. ఎత్తుల్లో పనిచేసినందుకు విడిగా ఇచ్చే భత్యాన్ని కంపెనీ మొన్నీమధ్యే అసలు జీతంలో కలిపేసింది. భత్యం లెక్కలోకి రాదు, జీతం వస్తుంది.

"చేతికొచ్చేది అంతే మేడమ్. చిల్లిగవ్వ పెరగలేదు," అన్నాడతను.

"నిజమే కావచ్చు. కానీ కాగితం మీద మీరిప్పుడు మధ్యాదాయం వాళ్లు కారు, ఆ పైవాళ్లు."

"పైవాళ్లమైతే మేమెక్కడ ఉండాలండీ?" అని సూదమ్మ అడిగింది.

అధికారిణి కళ్లద్దాలు తీసింది. తన జీతానికీ ఇక్కడ ఇల్లు దొరక్క రోజూ రెండు గంటలు ప్రయాణం చేసి వస్తున్నానని మెల్లగా చెప్పింది. ఆ తర్వాత తిరస్కరించినట్టు ముద్ర వేసింది.

బయట మెట్ల మీద అతను కూలబడ్డాడు.

"ఆ కుర్చీని నేనే వద్దనిపించాను నీ చేత."

పోనీలెండి అనాలని ఉంది ఆమెకు. కోపం అతని మీద కాదని తెలుసు, అయినా పక్కన నడవలేకపోయింది. ఇద్దరూ చెరో బస్సెక్కి పనికి పోయారు.

ఆ కుర్చీ సంగతి మళ్లీ అడిగితే పెద్ద డాక్టరు, ఒంట్లో బాగాలేదని మీరే రాశారుగా అన్నాడు. బ్యాంకులో అప్పు కోసం వెళితే ఈ ఆదాయం చాలదన్నారు. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. సరిపోయే చోటు కోసం యజమాని ఇచ్చిన గడువంతా తిరిగారు.

రైల్లో రెండున్నర గంటల దూరంలో తల్లీకూతుళ్లకు ఒక గది దొరికింది. ఆమె రోజూ చీకటితోనే బయలుదేరుతుంది. రాత్రీపగలూ ఎప్పుడు లిఫ్టు ఆగినా పరిగెత్తాలి కాబట్టి అతను కంపెనీ స్టోర్ రూములోనే, వైర్ల చుట్టల మధ్య పడుకుంటున్నాడు. కూతురు బడి మారింది.

మొదటి ఆదివారం వచ్చినప్పుడు కారుతున్న కుళాయి బాగుచేశాడు. మూడో ఆదివారం వచ్చీరాగానే నిద్రపోయాడు. సాయంత్రమైనా లేవలేదు. లేపనా అని కూతురు అడిగింది.

"వద్దు. లేస్తే వెళ్లిపోవాలిగా," అంది సూదమ్మ.