దొంగ చల్లదనం

మండువేసవి మిట్టమధ్యాహ్నం, రేకుల కప్పు కింద, పంకా వేసినా వేడిగాలే కొట్టే మామగారి గదిలో ఉష్ణోగ్రత ఇరవై తొమ్మిది డిగ్రీలు దాటలేదని కంప్యూటరు తెర చూపిస్తుంటే కోడలి గుండె గుభేలుమంది.

మామగారి గది చల్లగా ఉంటే ఏ కోడలైనా సంతోషించాలి. కానీ ఈ కోడలు యూనివర్సిటీలో వాతావరణం మీద పరిశోధన చేస్తోంది. తన వీధిలో అన్నీ రేకుల ఇళ్ళే. సగం ఇళ్ళ కప్పులకి తెల్లరంగు వేయించింది, సగం ఇళ్ళని ఉన్నవి ఉన్నట్టే వదిలేసింది. గదిలో వేడీ తేమా కొలిచి ల్యాబు కంప్యూటరుకి పంపే మీటరు ఇంటికొకటి తగిలించింది. తెల్లరంగు వేస్తే గది చల్లబడుతుందా, ఎంత చల్లబడుతుంది? ఇదే ప్రశ్న. చల్లబడుతుందని తేలితే ఊళ్ళో రేకుల కప్పులన్నిటికీ రంగు వేయిస్తామని మున్సిపాలిటీ వాళ్ళు మాటిచ్చారు.

ఏ ఇంటికి రంగు, ఏ ఇంటికి వద్దు అన్నది వీధి జనం ముందు చీటీలు వేసి తేల్చారు. చీటీలు తీసింది కోడలే. తన ఇంటికి తన చేత్తోనే 'రంగు లేదు' అన్న చీటీ తీసింది. ఆ రోజంతా అత్తగారు కుట్టుమిషనుతో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు.

ఇప్పుడు ఆ రంగు లేని ఇల్లే వీధిలో అన్నిటికంటే చల్లగా ఉంది!

"పక్కింటి రేకులకీ రంగు లేదు. అక్కడ నలభై ఒకటి. మీ ఇంట్లో ఇరవై తొమ్మిది. మధ్యలో ఉన్నది ఒక్క గోడ," అన్నాడు పక్క సీటువాడు. చెడ్డ కబురు ముందు వాడి నోటినుంచే వస్తుంది కాబట్టి ల్యాబులో అందరూ వాణ్ణి కాకి అంటారు. "మీ మామగారు గదిలో మంచుకొండ ఏమైనా పెంచుతున్నారా?"

"నోర్ముయ్. మీటరు చెడిపోయి ఉంటుంది."

"చెడిపోతే రాత్రి కూడా తప్పే చూపించాలిగా? రాత్రిళ్ళు పక్కింటితో సమానంగా ఉంది. ఎండెక్కగానే చల్లబడుతోంది."

వెనక గొంతు సవరించుకున్న చప్పుడైంది. మేడమ్! కోడలి పరిశోధనకి గైడు ఆవిడే. కళ్ళజోడు నెత్తిమీదికి తోసి తెరవైపు వంగింది.

"సొంత ఇల్లు వద్దంటే విన్నావా? ఒక్క మీటరు అబద్ధమాడితే మిగతావాటిని ఎవరు నమ్ముతారమ్మా?"

"మరి ఇప్పుడు..."

"కారణం తెలిస్తే ఆ రోజుల లెక్క ఒక్కటే కొట్టేస్తాం. తెలియకపోతే వీధి మొత్తం కొట్టేస్తాం. నీ పరిశోధనా పోతుంది, ఊరికి రంగూ పోతుంది. సాయంత్రం లోపల తేల్చు. ఎవరు చేశారో వాళ్ళ నోటితోనే చెప్పించి పట్రా. నువ్వు చెబితే చెల్లదు, నువ్వా ఇంటి కోడలివి."

మేడమ్ వెళ్ళిపోయింది. కోడలు తల పట్టుకుంది. ఈ మధ్య సాయంత్రాలు ఇంటికెళ్ళి మీటరు చూసి, "ఇవాళ కాస్త నయం మామయ్యా" అని తనే అంది. ఎండ తగ్గిందనుకుంది. తగ్గాలని మనసులో ఎంత గట్టిగా కోరుకుందంటే, అనుమానమే రాలేదు.

"ఇదిగో, ఇది చూశావా?" కాకి ఇంకో గ్రాఫు తెరమీదికి తెచ్చాడు. "గాలిలో తేమ. వీధంతా ఎండిపోయి ఉంది. మీ మామగారి గదిలో మాత్రం వానాకాలం నడుస్తోంది."

నీళ్ళు! ఎవరో మీటరుకి నీళ్ళు చూపిస్తున్నారు.

కోడలు చేతిసంచీ భుజాన వేసుకుని పరుగుతీసింది.

బస్సు దిగి వీధి మలుపు తిరిగేసరికి చెప్పుల కింద తారు మెత్తగా అంటుకుంటోంది. ముందు కప్పు చూసింది. తుప్పు రంగు అలాగే ఉంది, రంగెవరూ వేయలేదు. వరండాలో అత్తగారు కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. ఈ వేళప్పుడు కోడల్ని చూడగానే ఆవిడ కాలు మిషను మీద ఆగిపోయింది.

"ఏమే, ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది. మామయ్య ఏరీ?"

"పడుకున్నారు. లోపలికి వెళ్ళకు, నిద్ర చెడుతుంది." మాట ముగియకముందే ఆవిడ గొంతు పెంచింది. "ఏమండోయ్! కోడలొచ్చింది!"

"నిద్ర చెడుతుందన్నారు కదత్తయ్యా?"

అత్తగారు నాలిక కరుచుకుంది. కోడలు అప్పటికే గదిలో ఉంది.

మంచం ఖాళీ. గోడ మీద, మనిషి తలకంటే ఎత్తున మేకుకి వేలాడే మీటరు కనిపించలేదు. దాని చుట్టూ ఒక తడి తువ్వాలు, చంటిపిల్లాణ్ణి చుట్టినంత జాగ్రత్తగా చుట్టి ఉంది. కొసనుంచి నీటిచుక్క టప్పున నేలమీద పడింది.

కోడలు గుమ్మంవైపు తిరిగింది.

"నేనే చేశాను," అంది అత్తగారు గుమ్మంలో నిలబడి. "ఏం చేస్తావో చేసుకో. రంగు వేయలేదని కోపమొచ్చింది, చేశాను."

"మీరా? ఏదీ, ఆ తువ్వాలు ఒకసారి తీసి చూపించండి."

అత్తగారు చెయ్యి చాపింది. మునివేళ్ళ మీద లేచింది. మీటరుకీ ఆవిడ వేళ్ళకీ మధ్య ఇంకో జానెడు మిగిలింది.

"స్టూలు వేసుకున్నాను," అంది మొండిగా.

"మోకాళ్ళ నొప్పులతో గడప దాటడానికే గోడ పట్టుకుంటారు!"

"నీకెందుకే అవన్నీ? ఒప్పుకున్నానుగా, రాసుకుని పో!"

పెరటి తలుపు కిర్రుమంది. చేతిలో నీళ్ళ చెంబుతో, చొక్కా ముందంతా తడుపుకుని, పొడుగాటి మామగారు ప్రవేశించారు. ముప్పై ఏళ్ళు బస్సు తోలిన మనిషి, ఎదురుగా లారీ వచ్చినట్టు నిలబడిపోయారు. చెంబు వెనక్కి దాచబోయారు. నీళ్ళు కాళ్ళమీద ఒలికాయి.

"చెట్లకి పోద్దామని..." అన్నారు.

"గదిలో చెట్లేవీ మామయ్యా?"

ఆయన భార్యవైపు చూశారు. ఆవిడ, "నేను ఒప్పేసుకున్నాను, మీరు మాట్లాడకండి" అంది. ఆయన తల అడ్డంగా ఊపి చెంబు కింద పెట్టారు. కోడలికి కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆ తువ్వాలుకి వేసిన ముడి చూస్తుంటే ఆ కోపం ఎటు పోవాలో దానికే తెలియలేదు.

"దీనివల్ల ఏమవుతుందో తెలుసా మామయ్యా? రంగు వేయని ఇల్లే చల్లగా ఉందని ఈ మీటరు చెబుతోంది. అంటే రంగు దండగ. వీధి మొత్తం కొట్టేస్తామంటున్నారు."

మామగారి మొహం పాలిపోయింది. "నీ చదువు పోతుందా తల్లీ?"

"ఎవరు చేశారో వాళ్ళే చెబితే పోదు. మేడమ్ వినాలి." కోడలు ఫోను తీసి రికార్డింగు నొక్కి ఆయన ముందు పట్టుకుంది. "ఉన్నదున్నట్టు చెప్పండి."

ఆయన తడి చేతులు పంచెకి తుడుచుకున్నారు. చొక్కా సర్దుకున్నారు. ఫోనుకి రెండు చేతులూ జోడించారు.

"మేడమ్ గారూ, నమస్కారమండీ. ఈ అమ్మాయి మామగారిని. తువ్వాలు కట్టింది నేనే. మా ఆవిడకి సంబంధం లేదు, ఆవిడ మధ్యలో దూరింది. బస్సు ఇంజను వేడెక్కితే తడి గోనె కప్పేవాణ్ణి, ఆ అలవాటున చేశానని చెబుదామనుకున్నాను గానీ, అది అబద్ధమండీ. సంగతేమిటంటే, మా కోడలు రోజూ సాయంత్రం రాగానే చెప్పులు కూడా విప్పకుండా ఈ గదిలోకొచ్చి అంకె చూస్తుంది. నలభై ఉంటే దాని మొహం వాడిపోతుంది. ఓ రోజు మా అబ్బాయితో, అదే దాని మొగుడితో, అంటుంటే విన్నాను, 'నా చేత్తో చీటీ తీసి మామయ్యని పొయ్యిలో కూర్చోబెట్టాను' అని ఏడుస్తోంది. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. నేను పోనీ ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేకపోయాను. మర్నాడు ఎండెక్కగానే తువ్వాలు తడిపి కట్టాను, అమ్మాయి వచ్చే వేళకి విప్పేశాను. అంకె చూసి 'నయం మామయ్యా' అని నవ్వింది. కంచం ఖాళీ చేసింది. ఇక మానబుద్ధి కాలేదండీ. ఆరిపోకుండా మళ్ళీ మళ్ళీ తడుపుతూనే ఉన్నాను. ఇది చదువులో వేలు పెట్టడమని నాకు తట్టలేదు. నేను కట్టిన రోజులన్నీ కొట్టేయండి, ఇంకెప్పుడూ ముట్టుకోను. ఎండలు ఇంకా ఉన్నాయిగా, మళ్ళీ మొదలుపెట్టుకోమనండి. ఇంకొకటి కూడా రాసుకోండి మేడమ్ గారూ. దాని ముందు ఇన్నాళ్ళూ చెప్పలేదు గానీ, ఈ గదిలో ఉండలేకపోతున్నానండీ. మంచం పట్టె మీద చెయ్యి వేస్తే చురుక్కుమంటుంది. మధ్యాహ్నం కళ్ళు తిరిగి రెండుసార్లు గోడ పట్టుకున్నాను. దానికి తెలియకుండా ఉండాలనే ఆ గుడ్డ చుట్టాను. ఏడవకమ్మా... మేడమ్ గారూ, ఇది ఏడుస్తోంది, కాస్త మీరైనా చెప్పండి."