ఏ గదికి రావాలి?

నలభై దేశాలవాళ్ళు మూడేళ్ళు బుర్రలు బద్దలు కొట్టుకుని మానవ హక్కుల మీద కొత్త ఒప్పందం తయారుచేశారు. దాన్ని రాసిన వకీలుకు అందులో ఒక్క కామా కదిపినా ఒళ్ళు మండేది. మామూలు మనుషులకు అర్థమవుతుందో లేదో చూడమని పైవాళ్ళు పోరితే, గది ఊడుస్తున్న ఆవిడను కూర్చోబెట్టి మొదటి హక్కు చదివాడు: పనిచేసే చోట ఎవరినీ అవమానించకూడదు.

"బాగుందండీ. మరి అవమానిస్తే ఎవరితో చెప్పుకోవాలి?"

వకీలు కాగితాలు తిరగేశాడు. ఎనభై పేజీల్లో ఆ ముక్క ఎక్కడా లేదు.

"రాజ్యాలు తగిన చర్యలు..." అని నసిగాడు.

"అంత దూరం నేను పోలేనండీ. ఏ గదికి రావాలో చెప్పండి, చాలు."

ప్రతి హక్కు కిందా ఒక గది నంబరు! ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టలేదే! వకీలు హుషారుగా కలం తీసి, మచ్చుకి తమ భవనంలోని ఫిర్యాదుల గది నంబరే రాసి, పైకి చదివాడు: "మూడో అంతస్తు, పన్నెండో గది."

ఆవిడ చీపురు అందుకుని లేచింది.

"ఆ గది రోజూ పొద్దున పదకొండింటికి నేనే ఊడుస్తానండీ. ఈ ఆరేళ్ళలో 'కాస్త కాళ్ళు తియ్యండి' అని అక్కడ ఎవరికీ చెప్పాల్సిన పని పడలేదు."