తెర కట్టకుండా మొదలైన ఆట

నేను ఒక తెల్లటి తెరను. నిజం చెప్పాలంటే రెండు నేత పంచెలను. బొమ్మలాడించే వన్నూరప్పకు పెళ్లైన కొత్తలో అతని భార్య నన్ను ఒకటిగా కలిపి కుట్టింది. తోలుబొమ్మలాటలో ముందుగా కట్టేది నన్నే. నేను బిగుసుకున్నాకే దీపం, దీపం వెలిగాకే బొమ్మ. ముప్పై ఏళ్లు ఊరూరా తిరిగాను. ఒంటినిండా బొమ్మల్ని గుచ్చిన తుమ్మముళ్ల చిల్లులు, ఎడమ మూల అరచేయంత ఆముదం మరక. జనం ఈలలు వేసింది మాత్రం బొమ్మలకే. తెర బాగుందన్నవాడు ఒక్కడూ లేడు.

ఆట ఆగి ఎనిమిదేళ్లయింది. ఇప్పుడు నా ఉద్యోగం వన్నూరప్ప కూతురు సుభద్ర కంప్యూటర్‌కు దుమ్ము పట్టకుండా దాన్ని కప్పి కూర్చోవడం. వన్నూరప్ప తోలుతో లాంప్‌షేడ్లు చేస్తున్నాడు. కొత్త తోలు దొరక్క, అతని చూపు పాత బొమ్మల పెట్టె మీద పడింది. తన నాయన చేసిన నాట్యకత్తె బొమ్మను కోస్తానంటే సుభద్ర అడ్డం పడింది.

"ఆడని బొమ్మ వట్టి తోలమ్మే," అన్నాడతను.

"నేనాడిస్తా నాయనా. ఆదివారం దాకా కత్తి ముట్టొద్దు."

ఆ బొమ్మను చూసి కంప్యూటర్‌లో గీసింది. నల్లటి నీడలాంటి ఒళ్లు, కళ్లకూ జడలోని మల్లెలకూ మాత్రం తెలుపు. చేతులూ నడుమూ కదిలించి, తండ్రి పాట జోడించింది. తెల్లటి చోట నాట్యకత్తె తిరుగుతుంటే నాకే ముచ్చటేసింది.

ఆదివారం మధ్యాహ్నం దాన్ని వీడియోగా ఎక్స్‌పోర్ట్ చేసింది. తెరిచి చూస్తే అంతా కటిక నలుపు! ఒళ్లు లేదు, జడ లేదు. రెండు కళ్లు, నాలుగు మల్లెలు చీకట్లో గిరగిరా తిరుగుతున్నాయి.

వెలుగు పెంచింది. మళ్లీ ఎక్స్‌పోర్ట్, మళ్లీ నలుపే. గీతలు లావు చేసింది. నలుపు మీద నలుపు ఎంత లావైతే ఏం లాభం? ఎక్స్‌పోర్ట్ ఎంతయిందో చూపే ఆకుపచ్చ గీత నత్తనడక నడిచి, చివరికి అవే కళ్లను చూపించింది.

"గీసేటప్పుడు తెల్లగుంటాది, బయటికొస్తే నల్లగైతాది! నన్ను సంపుక తింటాంది ఇది!" అని సుభద్ర మౌస్‌ను బల్లకేసి కొట్టింది.

కుర్చీ వీపున వేలాడుతున్న నాకు ఒళ్లు మండిపోయింది. అది తెర కాదు తల్లీ, గీసుకోవడానికి ఇచ్చిన వట్టి కాగితం! అది అక్కడే ఉండిపోతుంది, బొమ్మతో బయటికి రాదు! వెనక తెర లేకపోతే వీడియోలో మిగిలేది చీకటే! అరుద్దామంటే గుడ్డకు నోరేది? పాపం, ఈ ఇంట్లో పుట్టినవాళ్లకు తెర ఉందా లేదా అని చూసుకునే అలవాటే లేదు. కట్టాకే కదా బొమ్మ పెట్టెలోంచి లేచేది. తెల్లగా కనిపించేసరికి కట్టే ఉందనుకుంది.

సాయంత్రం వన్నూరప్ప వచ్చాడు. ఒక చేతిలో నాట్యకత్తె, ఇంకో చేతిలో కత్తి. సుభద్ర వీడియో పెట్టింది. తన గొంతు వింటూ అతను ఆ కళ్లకేసి చూశాడు.

"తెరేదమ్మే? తెర కట్టకుండానే ఆట మొదలుపెట్టినావే!"

"ఉంది గదా నాయనా, ఇదో తెల్లగా..." అంటూ ఆగిపోయింది. తిరిగి నన్ను చూసింది.

గుంజల మధ్య నన్ను బిగించి కట్టి, ఫొటో తీసి, కంప్యూటర్‌లో బొమ్మ పొరలన్నిటికీ అడుగున పాట పొడుగునా పరిచింది. జన్మంతా బొమ్మల ముందున్నదాన్ని, ఇప్పుడు వెనక్కి పోయాను. పోనీ, పిలిచారు, అదే చాలు. ఆ ఆకుపచ్చ గీత మళ్లీ పాకింది.

ఈసారి నాట్యకత్తె నా మీద ఆడింది. నడుము, జడ, కాలి గజ్జె, అన్నీ కనిపించాయి. ఎడమ మూల నా మరక కూడా.

"ఆ మరక తీసేస్తా నాయనా," అంది సుభద్ర.

"వద్దు. అది మీయమ్మ దీపంలో ఆముదం పోస్తా ఒలికించింది," అన్నాడు వన్నూరప్ప. కత్తి కింద పెట్టి, ఇంకోసారి వెయ్యమన్నాడు.

నాలుగుసార్లు చూశాక నాట్యకత్తెను పెట్టెలో పడుకోబెట్టాడు. సుభద్ర కంప్యూటర్ ఆపి, మామూలుగా కప్పడానికి నన్ను అందుకుంది. అతను ఆమె చేతిలోంచి నన్ను లాక్కున్నాడు.

"దానికి పాత దుప్పటేదన్నా కప్పుపో," అంటూ నన్ను నాలుగు మడతలు పెట్టి బొమ్మ పక్కన సర్దాడు.