కమలాబాయి బొట్టు పెట్టిన రికార్డు

ఇంగ్లండులోని లీసెస్టర్‌లో డాక్టరు బాపురావు ఇంట్లో దసరా వచ్చిందంటే ఆయుధపూజ పెత్తనమంతా ఆయన భార్య కమలాబాయిదే. కారుకూ, కుట్టుమిషనుకూ, ఆయన స్టెతస్కోపుకూ, ఆఖరికి కెటిల్‌కు కూడా గంధం, కుంకుమ పెట్టేది. ఒక ఏడాది రికార్డు ప్లేయరుకు పెడుతూ పెడుతూ దాని మీదున్న ఎల్పీ రికార్డుకు కూడా పెట్టేసింది. పెడితే పెట్టింది, మధ్యలో అంటించిన కాగితం మీద పెట్టొచ్చు కదా? నల్లగా నున్నగా ఉంది కదాని సరిగ్గా పాట ఉన్నచోటే పెట్టింది.

అది బాపురావు ప్రాణంగా చూసుకునే రికార్డు. అమెరికాలో మిసిసిపీ పల్లెల్లో పుట్టి పెరిగిన ఒక ముసలాయన గిటారు ఒళ్ళో పెట్టుకుని పాడిన బ్లూస్, అంటే అక్కడి నల్లవాళ్ళ కష్టాల పాటలు. పెళ్ళికి ముందు హాస్పిటల్ క్వార్టర్స్‌లో ఒంటరిగా ఉన్న రోజుల్లో ఆయనకు తోడు ఆ గొంతే. ఇప్పుడేమో గంధం గాడుల్లో ఎండి గట్టిపడింది. చివరి పాటలో అక్కడికి రాగానే ముల్లు ఎగిరి, ఒక చరణం మొత్తం దాటి అవతల పడేది. బాపురావు ఒంటికాలి మీద లేచాడు. కడిగేస్తానంటే కమలాబాయి ఒప్పుకోలేదు. పండగ పూట పెట్టిన బొట్టు చెరిపేస్తారా అని అడ్డం పడింది.

కోపం ఎన్నాళ్ళుంటుంది లెండి? రానురాను అదే ఆ ఇంట్లో ఆటైంది. ముల్లు ఎగరగానే వంటింట్లోంచి "నా బొట్టు కాడికొచ్చిందా?" అని ఆమె కేకేసేది. "వచ్చింది" అనేవాడు ఈయన.

2014 వేసవిలో కమలాబాయి పోయింది. ఇల్లు బోసిపోయింది. కూతురు మనోజ్ఞ అక్కడే పుట్టి పెరిగిన పిల్ల, అక్కడే జీపీగా, అంటే ఫ్యామిలీ డాక్టరుగా పనిచేస్తోంది. తెలుగంతా అర్థమవుతుంది గానీ జవాబు ఇంగ్లీషులోనే ఇస్తుంది. తల్లి చీరలు సర్దుతూ, మరకలున్న ఆ పాత రికార్డును కూడా, దానంగా వచ్చిన పాత సామాన్లు అమ్మే చారిటీ షాపుకు ఇచ్చేసింది. దాని బదులు అదే ఆల్బమ్‌ను కొత్తగా తెప్పించింది. పాత టేపుల్లోని గరగరలన్నీ తీసేసి, రీమాస్టర్ చేసి మళ్ళీ విడుదల చేశారట. సంగతి తెలిసి బాపురావు ఆదరాబాదరా షాపుకు వెళ్ళేసరికి, మరకలున్నది ఎవరూ కొనరని పారేశామన్నారు. కూతుర్ని ఏమంటాడు? నాన్న సంతోషపడాలనే కదా చేసింది.

ఆదివారం మధ్యాహ్నం కూతురి ఎదుటే కొత్త రికార్డు పెట్టాడు. చెప్పకేం, ఎంతో బాగుంది. తీగ మీద వేలు జారడం, ముసలాయన ఊపిరి పీల్చడం కూడా వినబడుతున్నాయి. చివరి పాటలో ఆ చోటు రానే వచ్చింది. ముల్లు ఎగరలేదు. ఇన్నేళ్ళుగా దాటిపోయి, ఆయన మరిచే పోయిన చరణం మొదలైంది. రైలు వెళ్ళిపోయిందట, ఆమె ఇక రాదట, అతను ఇంటికొచ్చి ఆమె కుర్చీ తుడిచి గోడవారగా పెట్టాడట.

బాపురావుకు ఒక సంగతి తట్టింది. ఇన్నాళ్ళూ ఆ మాట తన చెవిన పడకుండా కాచింది కమలాబాయి బొట్టే. చప్పున ముల్లు ఎత్తేసి, దేవుడి అల్మారాలోంచి గంధం గిన్నె, కుంకుమ భరిణ తెచ్చాడు.

మనోజ్ఞ కంగారుపడింది. అమ్మ పోయి ఏడాది తిరగలేదు, ఈసారి పండగలు చెయ్యకూడదు కదా అని ఇంగ్లీషులో అడిగింది.

"పండగ కాదు బిడ్డా. మీ అమ్మ పెట్టిన బొట్టు పోయింది, మళ్ళ పెడుతున్న," అన్నాడు బాపురావు. "ఆమె ఇగ రాదన్న మాట నేను వినలేను."

తాను ఇచ్చేసింది దేన్నో మనోజ్ఞకు అప్పుడు తెలిసింది. లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ చరణం మొదలయ్యే చోట ఉంగరపు వేలితో గంధం అద్ది, దాని మీద కుంకుమ పెట్టాడు. ఆరేదాకా పక్కనే కూర్చున్నాడు. తర్వాత ముల్లు దించాడు. పాట సాగి సాగి ఆ చోటికి వచ్చింది. ముల్లు ఎగిరి అవతల పడింది.

వంటింట్లోంచి ఒక గొంతు వినిపించింది. ఇంగ్లీషు యాసతో తడబడుతూ.

"అమ్మ బొట్టు కాడికొచ్చిందా?"



"వచ్చింది బిడ్డా," అన్నాడు బాపురావు.