అరగంట మేస్త్రీ

మేడ మీది టవర్ క్యాబిన్ తలుపును భుజంతో నెట్టి, అరగంట మేస్త్రీ కొలిచే పెట్టెను బల్ల మీద పెట్టాడు. ఆఫీసులో ఆ పేరు ఊరికే రాలేదు. పెట్టె ఆన్ చేశాక అరగంట వేడెక్కితే గానీ అది చూపించే అంకెను నమ్మకూడదని ఇరవై రెండేళ్లుగా అందరి చెవుల్లో ఊదరగొడుతున్నాడు. తోడల్లుడికి కూడా ఆయనే నేర్పాడు.

తోడల్లుడి పేరెత్తితే మేస్త్రీకి కడుపు రగిలిపోతుంది. ఉద్యోగం ఇప్పించింది తను. అత్తగారింట్లో మర్యాదలు వాడికి, ఆఫీసులో మెప్పు వాడికి. పని చకచకా ముగిస్తాడట! అరగంట ఎగ్గొడుతున్నాడని మేస్త్రీ అనుమానం. ఇప్పుడు హెడ్డాఫీసులో కొలతల విభాగానికి పెద్ద అధికారిగా వెళుతున్నదీ వాడే. ఇవాళ నాలుగు గంటల బస్సు.

"కాస్త నవ్వు మొహంతో వచ్చి సాగనంపండి. మా చెల్లెలు ఎదురుచూస్తుంది," అంది భార్య పొద్దున్నే.

"పనుంది," అన్నాడు.

పని నిజంగానే తగిలింది. ఈ టవర్ చుట్టుపక్కల ఫోన్లు మధ్యలో తెగిపోతున్నాయని ఫిర్యాదు. పోయిన వారం దీన్ని కొలిచి, బాగుందని సంతకం పెట్టింది తోడల్లుడే. అది తప్పని తేలితే ప్రమోషన్ ఆగిపోతుంది. ఆ ఆశతో నాలుగంతస్తులు ఎక్కిన ఆయాసం కూడా మేస్త్రీకి తెలియలేదు.

కేబుల్ బిగించి, ఆన్ చేసి, వెంటనే మీట నొక్కాడు. ట్రాన్స్‌మిటర్ ఫ్రీక్వెన్సీ తొంభై హెర్ట్జ్‌కు మించి పక్కకు జరగకూడదు. పెట్టె నూట నలభై చూపించింది.

"దొరికావురా!" అని పైకే అనేసి, తోడల్లుడి కొలత తప్పని ఆఫీసు చీఫ్‌కు ఫోన్ చేశాడు.

"అంకె పంపండి, ప్రమోషన్ ఆర్డరు ఆపిస్తాను," అన్నాడు చీఫ్. "మీరు కొలిచారంటే ఇక తిరుగులేదు."

అంకె రాసుకోవడానికి కాగితం కోసం అల్మరా మీద తడిమితే, వంటింట్లో వాడే చిన్న టైమర్ చేతికి తగిలింది. దాని మీద అంటించిన చీటీలో, తనను అన్నయ్యా అని పిలిచే తోడల్లుడి దస్తూరీ: "అన్నయ్య అరగంట."

మేస్త్రీ చెవులు వేడెక్కాయి. తను ఆన్ చేసి రెండు నిమిషాలు కూడా కాలేదు.

ఎవరు చూడొచ్చారు? అంకె పంపేస్తే సరిపోతుంది. కానీ చెయ్యి రాలేదు. తిట్టుకుంటూ టైమర్‌ను ముప్పై మీదికి తిప్పాడు. ఆ అరగంటా వాడి మీద ఏడుస్తూనే ఉన్నాడు. తను నేర్పినదాన్ని కూడా వాడే తనకన్నా శ్రద్ధగా చేశాడు, దొంగ!

టైమర్ మోగింది. ఈసారి పద్దెనిమిది. ట్రాన్స్‌మిటర్ నిక్షేపంగా ఉంది. బయటికొచ్చి తలెత్తితే, ఈ వారంలో టవర్‌కు రంగు వేసినవాళ్లు ఒక యాంటెన్నాను పక్కకు తిప్పేసి పోయినట్టు కనిపించింది. ఫోన్లు తెగిపోతున్నది అందుకే.

"తప్పు నాది సార్. వేడెక్కనివ్వకుండా కొలిచాను," అన్నాడు ఫోన్లో.

"మీరా?" అన్నాడు చీఫ్. అంతకన్నా తిట్టినా బాగుండేది.

నాలుగుంబావుకు బస్సులోంచి తోడల్లుడి ఫోన్ వచ్చింది. "రాలేదేం అన్నయ్యా? బస్సు కదిలేదాకా చూశాను."

"పెట్టె వేడెక్కాలి కదా."

"అదీ నిజమే," అని నవ్వాడు వాడు. "నా టైమర్ అక్కడే మరిచిపోయాను. మీరు ఉంచుకోండి."

మేస్త్రీ దాన్ని జేబులో వేసుకుని, మళ్లీ తీసి బల్ల మీద పెట్టాడు. వాడి వస్తువు ఇంటికి మోసుకెళ్లడానికి మనసొప్పలేదు. తలుపు మూస్తుంటే, బల్ల మీద ముల్లు సున్నా దగ్గర ఆగిన టైమరూ, దాని మీద అంచు లేచిన ఆ చీటీ కనిపించాయి.