రెండో నీటికుక్క

హాల్‌మెర్ నగరంలో వీరపట్టం కట్టేది రాజే అయినా, ఆ వీరుడి చిహ్నం ఏమిటన్నది మాత్రం డాళ్ల మండపమే తేల్చేది. ఖాళీ డాలును నడిమి దిమ్మె మీద నిలబెట్టి తలుపులు మూస్తారు. కాసేపటికి, తడిగుడ్డ మీద మరక తేలినట్టు, ఆ ఇనుము మీద ఒక బొమ్మ తేలుతుంది. గోడల నిండా వేలాడేవన్నీ అలా తేలినవే. డాలు సొంతదారు చనిపోతే దాన్ని గోడవైపుకు తిప్పేస్తారు. అప్పుడు గానీ ఆ చిహ్నం మరొకరికి రాదు.

ఆ చలికాలపు మధ్యాహ్నం పట్టం అందుకోబోయేది పడవ నడిపే ఇస్రిల్. వసంతంలో వరదకు వంతెన తెగినప్పుడు, ఒక్కతే పడవ వేసుకుని వెళ్లి దళపతి వోర్గాన్‌ను నీళ్లలోంచి లాగిన మనిషి. ఆమెకు పట్టం కట్టాలని రాజును పట్టుబట్టి ఒప్పించిందీ, రాజు తరఫున ఆ పట్టం కట్టబోయేదీ కూడా వోర్గానే.

"భయమేస్తోందా అమ్మాయ్?" అన్నాడాయన పక్కకొచ్చి.

"వెయ్యదా దొరా? ఏ ఎలుకో తేలిందంటే రేవులో నన్ను బతకనివ్వరు."

"నా డాలు మీద ఉన్నది నీటికుక్క. అది పెట్టుకుని నదిలో మునిగానని ఊరంతా నవ్వారు. నేను బతకలేదూ?"

ఇస్రిల్ నవ్వింది. నవ్వుతుంటే ఆమె నోట్లోంచి ఆవిరి వచ్చింది. మండపం అంత చల్లగా ఉంది. జనం నోళ్ల ముందూ ఆవిరే.

తలుపులు మూశారు. చిహ్నాల పెద్ద అయిన ముసలి మాల్విస్ చేయెత్తగానే గుసగుసలు ఆగిపోయాయి. డాలు మీద ముందు ఒక తోక తేలింది. తర్వాత పొడవాటి నల్లటి ఒళ్లు. తర్వాత మీసాల మూతి.

నీటికుక్క.

ఎవరో కిసుక్కున నవ్వారు. మాల్విస్ మాత్రం నవ్వలేదు. గోడమీద అందరికీ కనపడేలా వేలాడుతున్న వోర్గాన్ డాలు వైపు చూసి, ఆయన మొహం వైపు చూసింది.

"ఇంతకు ముందెప్పుడూ ఇలా జరగలేదు దొరా. బతికున్న ఇద్దరికి ఒకే చిహ్నం..." అంది.

వోర్గాన్ చాలాసేపు ఆ రెండు డాళ్లనూ మార్చి మార్చి చూశాడు. తర్వాత కత్తి దూసి, మెరిసే అలుగును నోటి దగ్గర పెట్టుకుని ఊదాడు. అలుగు మీద ఆవిరి పట్టలేదు. పక్కనున్న సేనానికి అందించాడు. అతను ఊదితే అలుగంతా మసకబారింది.

అంతే, జనం ఒకరినొకరు తోసుకుంటూ తలుపుల మీద పడ్డారు. మాల్విస్ కదల్లేదు. వెనక వరసలో వోర్గాన్ భార్య నేరియా కూడా కదల్లేదు.

"ఇస్రిల్, నన్ను ఒడ్డున పడేసినప్పుడు నాకు ఊపిరి ఉందా?"

"లేదు దొరా," అంది ఇస్రిల్, ఏడుపు ఆపుకుంటూ. "గుండె మీద గుద్దాను. లేవయ్యా, నీకోసం ఇంత దూరం వచ్చానని తిట్టాను. చివరికి కళ్లు తెరిచారు."

"ఊపిరి వచ్చాకే తెరిచానా?"

"చూడలేదు దొరా. కళ్లు తెరిచారు కదా అన్న సంతోషంలో..."

వోర్గాన్ తలూపాడు. ఆమెను మోకరిల్లమని, కత్తి ఆమె భుజం మీద ఆనించి పట్టం మాటలు తడబడకుండా పలికాడు. అలుగు వెంట నీళ్లు జారి ఆమె మెడ మీద పడ్డాయి. తర్వాత ఆయన గోడ దగ్గరికి వెళ్లి తన డాలును తనే తిప్పుకున్నాడు.

"చాలా అలసటగా ఉంది అమ్మాయ్. లెమ్మన్నది నువ్వు. నువ్వు చెబితేనే పడుకోగలననిపిస్తోంది."

ఇస్రిల్ నేరియా వైపు చూసింది. నేరియా కళ్లు మూసుకుని, సరేనన్నట్టు తలాడించింది.

"పడుకోండి దొరా. ఇక చాలు."

ఆయన రాళ్ల మీద పక్కకు తిరిగి పడుకున్నాడు. ఆయన ఒంటి కింద నుంచి నీళ్లు పారాయి. నాచుతో, ఇసుకతో బురదరంగు వరద నీళ్లు. అవి ఆగేసరికి అక్కడ మిగిలింది నదిలో నెలల తరబడి నానిన శవం.

ఇస్రిల్ చేతుల్లో మొహం దాచుకుంది. "క్షమించమ్మా. నాకు తెలియదు."

"నాకు తెలుసు," అంది నేరియా, తన శాలువా తీసి భర్తమీద కప్పుతూ. "పక్క రోజూ తడిసేది. పొద్దున్నే ఎవరూ చూడకుండా ఆరేసుకునేదాన్ని. అన్నం ముందు కూర్చునేవాడే గానీ ముద్ద ముట్టేవాడు కాదు. అయినా పిల్లలతో నవ్వేవాడు, తోటకు దడి కట్టాడు. నేను అడిగితే పోతాడేమోనని అడగలేదు."

ఆమె ఇస్రిల్ తల మీద చేయి వేసింది.

"లే. కాళ్ల వైపు నువ్వు పట్టుకో. ఇంటికి తీసుకుపోదాం."